అనునాదము
(భిలాయిలో మన తెలుగు సాంస్కృతిక సమితి వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)

 

నేను పండితుడను కాను. యంత్రముల కంపనములను కొలుచు పనిలో ముప్పది సంవత్సరములకు పైగా గడపి, విశ్రాంతి తీసికొన్నవాడను. సంగీతమున నా ప్రవేశము వినుట వరకే. "ఏదేని విజ్ఞానశాస్త్ర విషయము చెప్పుడు, కాని పిల్లలకు నిద్ర రాకూడదు, పెద్దలకు విసుగు పుట్టకూడదు" అని కార్యదర్శిగారు నాకొక నియమము పెట్టిరి. ఆలోచింపగా మా యింటనే జరిగిన ఒక చిన్న సంగతి జ్ఞాపకమునకు వచ్చినది. దానితో ప్రారంభించెదను.

మా యింట ఒక వీణ యున్నది. అది మా తల్లిగారిది. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ. మా తండ్రిగారికి భిలాయిలో ఉద్యోగమైనప్పుడు ఆమె దానిని దుప్పటిలో చుట్టి, రైలులో బిడ్డవలె కాపాడుకొనుచు తెచ్చెనట. విజయనగరమునుండి రాయపూరునకు వచ్చు ఆ రైలుమార్గము 1931లో పూర్తియైనది. అది బొబ్బిలి మీదుగనే పోవును. మనలో ఎందరో తలిదండ్రులు ఆ దారినే పెట్టెలతోను, పచ్చడి జాడీలతోను ఇచ్చటికి చేరినవారే కదా!

మా తల్లిగారు పోయిన తరువాత ఆ వీణను ముట్టినవారు లేరు. తీగెలు సడలిపోయినవి. పండ్రెండేండ్లు అది మూలనే నిలిచియుండెను. ఆ గదిలో మేము మాటలాడితిమి, పాడితిమి, పోట్లాడితిమి, అది పలుకలేదు. గత సంవత్సరము మా మనుమరాలు వీణ నేర్చుకొందునని పట్టుపట్టగా, తీగెలు మార్పించి శ్రుతి చేయించితిమి. ఆ సాయంకాలమే నా భార్య వీణ ప్రక్కన కూర్చుండి పూలు కట్టుచు ఏదో కూనిరాగము తీయుచుండెను. ఆమె ఊపిరి తీసికొనుటకు ఆగినది. గాని పాట ఆగలేదు! ఎవరును మీటకయే సారణి తీగె సన్నగా మ్రోగుచుండెను. మనుమరాలు భయపడి, "తాతయ్యా! ఎవరు వాయించుచున్నారు?" అని నన్ను పట్టుకొనెను.

ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము. దీనికి భౌతికశాస్త్రము పెట్టిన పేరు అనునాదము.

మొదట మాటలను వేరు చేసికొందము. కొండ యెదుట నిలిచి కేక వేసిన, ఆ కేకయే తిరిగి వచ్చును, అది ప్రతిధ్వని. గుడిగంటను కొట్టిన పిమ్మట ఆ మ్రోత క్రమముగా సన్నగిల్లుచు చెవిలో నిలుచును, అది అనురణనము. పదమూడవ శతాబ్దమున సంగీత రత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు స్వరమునకు లక్షణము చెప్పుచు, స్నిగ్ధముగా అనురణించుటయే దాని స్వభావమనెను. మన ఆలంకారికులును కావ్యమున తోచు వ్యంగ్యార్థమును ఈ గంట మ్రోతతోనే పోల్చిరి. అనునాదము ఈ రెండింటికిని భిన్నము. ఒక వస్తువు కంపించుచుండగా, దానిని ఎవరును తాకకయే, అదే శ్రుతి గల మరియొక వస్తువు కంపింపసాగును. కొండకు తన స్వరము లేదు; మన స్వరమునే త్రిప్పి పంపును. అనునాదమున పలుకు వస్తువు తన స్వరముతోనే పలుకును.

ఇది యెట్లు సాధ్యము? అట్లతద్దినాటి ఉయ్యాలను తలచుకొనుడు. రెండున్నర మీటర్ల త్రాళ్ళు గల ఉయ్యాల ఒకసారి పోయి వచ్చుటకు 3 సెకనులకు కొంచెము పైగా పట్టును. కొద్దిగా ఊపినను, గట్టిగా ఊపినను, ఆ కాలము ఇంచుమించు మారదు. అది ఆ ఉయ్యాల స్వభావము. దీనినే స్వాభావిక పౌనఃపున్యమందురు. అనగా ఒక సెకనులో అది తనంతట తాను ఎన్ని మారులు ఊగునో ఆ లెక్క. ఉయ్యాల వెనుకకు వచ్చి తిరుగు క్షణమున ఐదేండ్ల పాప వ్రేలితో త్రోసినను చాలును. పది త్రోపులకు, ఇరువది త్రోపులకు, పెద్దమనిషి కూర్చున్న ఉయ్యాలయు కొమ్మను అందుకొనును. అదే పాపకు బదులు పహిల్వాను వచ్చి, వేళ కాని వేళల త్రోసెనా, ఒక త్రోపు ఇచ్చిన ఊపును మరియొక త్రోపు చెరపివేయును.

కావున అనునాదమునకు మూడు కావలెను. ఊగు వస్తువునకు తనదైన లయ ఉండవలెను. త్రోపు ఆ లయతో కలియవలెను. ఆ త్రోపు మరల మరల రావలెను. బలము నాలుగవ మాట. ఊపు నిరంతరము పెరుగుచునే యుండునా? ఉండదు. గాలి వలనను, రాపిడి వలనను ప్రతి ఊపులో కొంత శక్తి నశించుచుండును. మన మిచ్చునది, అది పోగొట్టుకొనునది సమానమైనప్పుడు ఊపు ఒక హద్దున నిలుచును.

గాలికిని ఇట్టి స్వభావమున్నది. కుళాయి క్రింద బిందె నిండుచుండగా వంటయింటిలో నున్న గృహిణి చూడకయే, "బిందె నిండినది, కుళాయి కట్టుము" అనును. నీరు పెరిగిన కొలది బిందెలోని గాలి స్తంభము పొట్టిదగును, శ్రుతి హెచ్చును. కుళాయి ధారలో అన్ని ధ్వనులును కలగలిసియున్నవి. వానిలో తనకు సరిపడిన ధ్వనిని మాత్రమే బిందె ఎన్నుకొని పెంచుచున్నది. జర్మను శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్సు చిన్న రంధ్రము గల బోలు గోళములను వరుసగా చేయించి, ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరమునకే పలుకునట్లు అమర్చి, నాదమును విడదీసి పరీక్షించెను. 1863లో వెలువడిన ఆయన గ్రంథము నాదశాస్త్రమునకు పునాదిరాయి. మన గృహిణులు బిందెతో చేయుచున్నది అదే పరీక్ష.

ఇప్పుడు వేదికపైనున్న తంబురను చూడుడు. దీనికి నాలుగు తీగెలు. నడుమనున్న రెండును ఒకే షడ్జమునకు శ్రుతి చేయబడినవి. రెండవ దానిపై ఒక కాగితపు ముక్కను మడిచి గుర్రపు రౌతువలె కూర్చుండబెట్టితిని. మొదటి దానిని మీటుచున్నాను. (కాగితము ఎగిరి క్రిందపడినది.) ఇప్పుడు రెండవ తీగెను బిరడ త్రిప్పి కొంచెము తగ్గించెదను. మరల మీటుచున్నాను, ముందుకంటె గట్టిగనే. (కాగితము కదలలేదు.) పిల్లలారా, చూచితిరా? తీగె అదే, కాగితము అదే, వ్రేలు అదే. బిరడ తిరిగిన దారము మందము తేడాయే ఇంత చేసినది.

ఇందు మరియొక విశేషము కలదు. షడ్జమునకు సెకనుకు 240 కంపనములున్నవనుకొందము; పంచమమునకు 360. ఈ రెండు సంఖ్యలును వేరు. కాని తీగె ఏదియు ఒక్క కంపనముతో ఊరకుండదు. దాని రెట్లును వెంట పలుకును. షడ్జమునకు మూడు రెట్లు 720. పంచమమునకు రెండు రెట్లును 720. అచ్చట రెండును కలిసికొనును. అందుచేతనే షడ్జమును మీటిన పంచమపు తీగెయు సన్నగా స్పందించును. మన పూర్వులు దీనిని లెక్కలతో గాక చెవితో కనిపెట్టి, ఆ రెంటికిని సంవాది సంబంధము కలదనిరి. సితారులో పర్దాల క్రింద పదకొండు మొదలు పదమూడు వరకు సన్నని తీగెలుండును. వానిని తరబు తీగె లందురు. వ్రేలు వానిని సామాన్యముగా ముట్టదు. ఒక్కొక్కటి రాగములోని ఒక్కొక్క స్వరమునకు శ్రుతి చేయబడి, ఆ స్వరము పై తీగెపై పలికినప్పుడు క్రింద తానును పలుకును. ఇక్కడికి సమీపమున ఖైరాగఢులో 1956లో స్థాపింపబడిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయమునకు మీరెప్పుడైన పోయినచో, ఆ తీగెలను కన్నులార చూచి రండు. వానిగూర్చి చివర మరల చెప్పవలసియున్నది.

ఇచ్చట మన ఉద్యోగులందరును గర్వింపదగిన ఒక మహనీయుని స్మరింపవలెను. సర్ చంద్రశేఖర వేంకట రామన్ గారు 1888లో తిరుచిరాపల్లిలో జన్మించిరి. కాని ఆయన బాల్యము విశాఖపట్టణమున గడచినది; తండ్రిగారు అచ్చటి ఎ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకులు. 1907లో, పందొమ్మిదేండ్లైన నిండకముందే, రామన్ గారు భారత ప్రభుత్వ ఆర్థికశాఖలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా కలకత్తాలో చేరిరి. అనగా మనవలె దస్త్రములు చూచినవారు, బదిలీలు పొందినవారు. రంగూనులోను, మన ప్రక్కనున్న నాగపూరులోను గూడ పని చేసిరి. కలకత్తాలో ఆఫీసుకు పోవుటకు ముందును, వచ్చిన తరువాతను భారతీయ విజ్ఞాన వర్ధని సంఘపు ప్రయోగశాలలో తీగెలు మీటుచు, కమానులు లాగుచు కూర్చుండెడివారు. 1917లో ఉద్యోగమును విడిచి విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. 1930లో నోబెలు బహుమానము కాంతిని గూర్చిన పరిశోధనకు వచ్చినది. కాని తొలినాళ్ళ ప్రేమ నాదముపైననే.

ఉద్యోగములో ఉన్న కాలముననే, 1916లో, ఆయన వాయులీన జాతి వాద్యములలోని తోడేలు స్వరమును గూర్చి వ్రాసిరి. వాద్యపు కొయ్యకును తనదైన స్వభావమున్నది. తీగె శ్రుతి ఆ కొయ్య శ్రుతితో మితిమీరి కలిసిన చోట, కమాను వశము తప్పి, స్వరము వణకి, తోడేలువలె అరచును. మంచి వాద్యమనగా ఒక్క స్వరమునకే ఎగిరిపడునది కాదు. అన్ని స్వరములకును మితముగా బదులు పలుకునది.

1920లో ఒక సహకారితో కలిసియు, 1934లో మరింత వివరముగాను, రామన్ గారు మృదంగమును పరీక్షించిరి. సాధారణమైన చర్మవాద్యపు చర్మము మొదటి కంపనమునకు 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు, ఈ విధముగా పొంతన లేని ధ్వనులిచ్చును. అందుచే దానికి మ్రోత యుండును గాని శ్రుతి యుండదు. మృదంగము కుడివైపున నల్లని పూత యున్నది కదా! అన్నపు ముద్దతో ఇనుప ఖనిజపు పొడి వంటిది మెదిపి, పొరమీద పొరగా ఆరబెట్టి వేయుదురు. నడుమ బరువు పెరిగినందున చర్మపు తొమ్మిది తీరుల కంపనములు సర్దుకొని, ఐదు సంవాది స్వరములుగా కూడుకొనునని రామన్ గారు నిరూపించిరి. దల్లీ రాజహరా గనుల ఖనిజము రైలుపట్టాగా మారు ఈ ఊరిలో, చిటికెడు ఇనుప పొడి చర్మమునకు స్వరము నేర్పునను మాట మనకెంత ముద్దుగా వినబడునో చూడుడు!

ఉక్కు మాట వచ్చినది గనుక మరియొకటి. అనునాదము మేలే చేయునని భ్రమింపరాదు. 1831లో ఇంగ్లండున బ్రౌటను వ్రేలాడు వంతెనపై డెబ్బదినలుగురు సైనికులు అడుగులు కలిపి నడచుచుండగా వంతెన ఊగి కూలినది. దైవవశమున ఎవరును మరణింపలేదు. నాటినుండి వంతెనలపై అడుగులు తప్పించి నడువుడని సైన్యమునకు ఆజ్ఞయైనది. అమెరికాలో టకోమా వంతెన 1940 నవంబరు 7న గాలికి మెలితిరిగి కూలుటను గూడ పుస్తకములలో అనునాదమునకు ఉదాహరణముగా చెప్పుదురు. అది అంత సరికాదు. అచ్చట వేళకు త్రోసినవారెవరును లేరు. వంతెన కదలికయే గాలినుండి శక్తిని లాగికొని తన్ను తాను పెంచుకొనెను. నా వృత్తిలోను ఇదే పాఠము. పెద్ద ఫ్యాను ఒకటి అన్ని వేగములందును నెమ్మదిగా తిరిగి, ఒక్క వేగమున మాత్రము పునాదితో సహా వణకును. పునాది శ్రుతి, తిరుగుడు శ్రుతి కలిసినవన్నమాట. అచ్చట నిలువక వేగముగా దాటవలెను, లేదా పునాదిని గట్టిపరచి శ్రుతి మార్పవలెను.

ఇక మన గ్రామములకు వత్తము. బుర్రకథ పేరెట్లు వచ్చినది? బుర్ర యనగా లోపల బోలైన గుల్ల. అట్టి బుర్ర గల తంబురను భుజమున వేసికొని చెప్పు కథ గనుక బుర్రకథ యని పలువురు అన్వయింతురు. అనగా ఒక మహాకళకు మనవారు కథను బట్టి గాక అనునాద పేటికను బట్టి పేరు పెట్టిరి! తీగె ఒంటరిగా గాలిని కదలింపజాలదు. సన్నని సూది గాలిని విసరజాలనట్లే. బుర్రయు అందలి గాలియు తోడు పలికినప్పుడే కథకుని గొంతునకు అండ దొరకును. షేక్ నాజర్ గారు ఆ తంబురతో తెలుగునాటి ఊరూర వేల జనమును కూర్చుండబెట్టిరి. 1986లో పద్మశ్రీ పొందిరి. మనకు పొరుగుననున్న గనియారీలో పుట్టి, ఈ ఉక్కు కర్మాగారముననే ఉద్యోగము చేసిన తీజన్ బాయి గారి చేతిలోనిదియు తంబురయే. పండవానిలో ఆమెకు అదియే భీముని గద, అదియే అర్జునుని రథము. 2019లో ఆమెకు పద్మవిభూషణము లభించినది. ఆమె భాష ఛత్తీస్‌గఢీ, మనది తెలుగు. ఐనను ఆమె భీముని పలికించునప్పుడు మన ముసలమ్మలు మాట తెలియకయే కన్నీరు పెట్టుకొనుట నేను చూచితిని. భారతము ఇరువురిలోను ముందే శ్రుతి చేయబడియున్నది.

చివరకు అతి సమీపమున నున్న వాద్యము, మన నోరు. గొంతులోని నాదము ఒకటే. నోటిని తెరచిన అది 'ఆ' అగును, నాలుకను లేపిన 'ఈ' అగును, పెదవులను గుండ్రముగా చుట్టిన 'ఊ' అగును. నోటిలోని గుల్ల ఆకారము మారి, అనునాదము మారుటయే అచ్చుల భేదము. తెలుగు మాటలు దాదాపు అన్నియు అచ్చుతో ముగియును. అనగా మన భాషలో మాట మాటకును చివర అనునాదమునకు తావున్నది. గాయకులకు మన భాష ప్రీతిపాత్రమగుటకు ఇదియు ఒక కారణము.

శిశువు చెవికిని శ్రుతి కలదు. 1984లో కెనడాలో వెర్కరు, టీస్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆంగ్ల కుటుంబముల శిశువులను పరీక్షించిరి. ఆరు, ఎనిమిది నెలల ప్రాయమున ఆ శిశువులు హిందీలోని త, ట ల భేదమును గుర్తించిరి. ఏడాది నిండువేళకు ఆ శక్తి చాలవరకు తగ్గినది. వినబడని ధ్వనికి చెవి బిరడను సడలించుచున్నదన్నమాట. ఇచ్చట మన పిల్లలను చూడుడు. చుట్టునున్న హిందీలో 'ళ' లేదు. హ్రస్వమైన ఎ, ఒ లకు వేరు స్థానము లేదు. అందుచే మన యిండ్ల కళ, కల ఒకటైపోవుచున్నవి. మెడయు మేడయు కలిసిపోవుచున్నవి. పిల్లలది దోషము కాదు. పండ్రెండేండ్లు నేను ముట్టని వీణ పలుకలేదని వీణను నిందింపగలనా?

మన తలిదండ్రులు రాత్రివేళ రేడియో ముందు కూర్చుండి మర త్రిప్పుచు, గరగర మ్రోతల నడుమ విజయవాడ కేంద్రమును వెదకెడివారు. ఆ కేంద్రము 1948లో వెలసినది. ఆకాశమున వందల కేంద్రముల తరంగములు ఒకేసారి వచ్చుచుండును. రేడియోలోని విద్యుత్ వలయము ఒక్కదానికే అనునాదము చెందును. మిగిలినవి ఉన్నను లేనట్లే. వారు మర త్రిప్పిరి గనుకనే మనకు తెలుగు వినబడినది.

ఇప్పుడు కార్యదర్శిగారు నన్ను మన్నింతురు గాక. మనము ఏటికొకమారు ఉగాదికి లౌడుస్పీకర్లు పెట్టి, పెద్ద సభ చేసి, పిల్లలచేత కంఠస్థము చేయించిన పద్యములు చదివింతుము. మంచిదే; నేనును వచ్చి చప్పట్లు కొట్టెదను. కాని అది పహిల్వాను త్రోపు. సంవత్సరమునకొకమారు ఎంత బలముగా త్రోసినను ఉయ్యాల నిలిచిపోవును. రాత్రి భోజనము వేళ ఒక్క కథ, బడికి పోవువేళ ఒక్క సామెత, ఊరిలోని మామ్మతో వారమునకొకమారు ఫోనులో పది నిమిషముల మాట, తప్పు పలికినప్పుడు నవ్వక చేయు ఒక్క సవరణ — ఇవి పాప వ్రేలి త్రోపులు. వేళకు వచ్చునవి, మరల మరల వచ్చునవి.

హిందీని, ఛత్తీస్‌గఢీని మానవలెనని నా భావము కాదు. సితారు క్రింది తరబు తీగెలను మరువకుడు. ఒక తీగె ఒక స్వరమునకు శ్రుతియైనంత మాత్రమున మరియొకటి మూగవోదు. మన పిల్లలు ఈ నేలపై పుట్టినవారు. ఈ నేల పాటకు వారు పలుకవలసినదే. ఆ తీగెల వరుసలో ఒక్కటి సడలియున్నది. దానిని బిగింపుమని మాత్రమే నా ప్రార్థన.

మనుమరాలు అడిగిన ప్రశ్నకు ఆ సాయంకాలము నేను, "మామ్మ పాట విని వీణ తానే పలికినదమ్మా" అని చెప్పితిని. "మరి ఇన్నాళ్ళు ఎందుకు పలుకలేదు?" అని ఆమె మరల అడిగినది. దానికి నా యొద్ద నున్న సమాధానము ఒక్కటే: "మేము శ్రుతి చేయలేదమ్మా."